అవలాంచ్ సెట్టు ఇప్పుడు తిరుపతిలోనే అద్దెకు: ఏది బాగుంది, ఏది చూసి తీసుకోవాలి

ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో ట్రెక్కింగ్ సామాన్లు అద్దెకిచ్చే చిన్న దుకాణం ఉంది. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, మంచులో జారకుండా బూట్లకు తొడిగే క్రాంపాన్లు అక్కడ మామూలుగా దొరికేవే. ఈ చలికాలం అవలాంచ్ (కొండవాలు మీంచి విరిగి జారిపడే మంచు చరియ) సెట్టు కూడా పెట్టారు. సెట్టంటే మూడు వస్తువులు: మంచు కింద కూరుకుపోయిన మనిషిని రేడియో సిగ్నల్ పట్టుకుని వెతికే ట్రాన్స్‌సీవర్ (ట్రెక్కర్లంతా బీకన్ అంటారు), మంచులోకి గుచ్చి చూసే ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ, విడదీసి బ్యాగులో పెట్టుకునే పార. ఇంతకుముందు ఇవి కావాలంటే మనాలీకో గుల్మార్గ్‌కో పోయి, అక్కడ చేతికిచ్చింది తగిలించుకుని మర్నాడే కొండెక్కాలి. ఇక్కడైతే పది రోజుల ముందే తీసుకుని సాధన చేయొచ్చు. ఈ దుకాణం చేసిన అసలు మేలు అదే.

సామాన్ల నాణ్యతకు మంచి మార్కులే ఇవ్వాలి. లోపాలు అద్దెకిచ్చే పద్ధతిలో ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద లోపం, ఒక్కరు వచ్చి అడిగినా ఒక్క సెట్టు ఇచ్చి పంపేయడం. బీకన్ కట్టుకున్న మనిషికి దానంతట అదే రక్షణ ఇవ్వదు. మీ ఒంటిమీది బీకన్ సిగ్నల్ పంపుతూ ఉంటుంది, అంతే. ఆ సిగ్నల్ అందుకుని మిమ్మల్ని వెతకాల్సింది పక్కవాళ్ల బీకన్. మీ బ్యాగులోని పార మీ స్నేహితుణ్ని తీయడానికి. మిమ్మల్ని తీసే పార అతని బ్యాగులో ఉండాలి. నలుగురు వెళ్తుంటే నాలుగు బీకన్లు, నాలుగు ప్రోబులు, నాలుగు పారలు కావాలి. అద్దె కలిసొస్తుందని నాలుగు బీకన్లకు ఒకే పార తీసుకుంటే, ఆ పార ఉన్న మనిషే మంచు కింద పడినప్పుడు మిగతా ముగ్గురి దగ్గర చేతులు తప్ప ఏమీ ఉండవు. జారి ఆగిన మంచు నిమిషాల్లో బిగుసుకుపోతుంది, చేతులతో తవ్వడం కుదరదు.

బయటి సాయం వస్తుందిలే అనుకోవడానికి వీల్లేదు. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం తొంభై శాతం దాకా ఉంటుంది. ముప్పై ఐదు నిమిషాలయ్యేసరికి అది మూడో వంతుకు దిగిపోతుంది. చాలామంది పోయేది చలితో కాదు, ఊపిరాడక. వదిలిన గాలే మళ్లీ పీల్చుకుంటూ స్పృహ తప్పుతారు. అంత తక్కువ సమయంలో ఏ సహాయ బృందమూ కొండ మీదికి చేరలేదు. తీయగలిగింది అక్కడున్న తోటివాళ్లే. అందుకని బృందంలో ఎంతమంది ఉన్నారో అడిగి, అందరికీ సరిపడితేనే ఇస్తామని దుకాణం వాళ్లు నియమం పెట్టుకోవాలి.

ఇక బీకన్ల సంగతి. దుకాణంలో ఉన్నవాటిలో ఒక్కటి తప్ప అన్నీ మూడు యాంటెన్నాల డిజిటల్ రకం. తెర మీద బాణం గుర్తు దారి చూపిస్తుంది, అంకె దూరం చెబుతుంది. ఏ కంపెనీ బీకనైనా పనిచేసేది 457 కిలోహెర్ట్జ్ మీదే కాబట్టి మీ బృందంలో వేర్వేరు కంపెనీలవి ఉన్నా ఒకటి పంపింది మరొకటి అందుకుంటుంది. మిగిలిన ఆ ఒక్కటి పాతకాలపు ఒంటి యాంటెన్నా పరికరం. తెర లేదు, చెవితో శబ్దం విని వెతకాలి. బాగా అలవాటున్నవాళ్ల చేతిలో పనికొస్తుందేమో గానీ కొత్తవాళ్లకు అద్దెకివ్వాల్సింది కాదు. మూడు యాంటెన్నాలు ఎందుకంటే, ప్రోబ్ గుచ్చాల్సిన చోటుకు దగ్గరయ్యాక ఒంటి యాంటెన్నా పరికరం సిగ్నల్ బలంగా ఉన్న చోటును రెండుగా చూపిస్తుంది, మనిషి ఆ రెంటికీ మధ్యలో ఉంటాడు. మూడో యాంటెన్నా ఆ గందరగోళాన్ని పోగొడుతుంది. కౌంటర్ దగ్గర చౌకగా వస్తోందని ఆ పాతదాన్ని తీసుకోవద్దు.

తీసుకునేముందు పరీక్ష చేయనిస్తున్నారు, ఇది మెచ్చుకోవాల్సిన విషయం. అయితే దుకాణం లోపల చేస్తే ప్రయోజనం లేదు. ట్యూబ్‌లైట్లు, కంప్యూటర్, గోడలో కరెంటు వైర్లు అన్నీ సిగ్నల్‌ను చెడగొడతాయి. యూనివర్సిటీ గ్రౌండు లాంటి ఖాళీ చోటికి తీసుకెళ్లండి. ఒక బీకన్‌ను పంపే మోడ్‌లో నేలమీద పెట్టి, రెండోదాన్ని వెతికే మోడ్‌లో పట్టుకుని దూరం జరగండి. నలభై మీటర్ల దాకా సిగ్నల్ అందాలి. నేలమీది బీకన్‌ను నిలువుగా, అడ్డంగా, పక్కకు తిప్పి పెట్టి మళ్లీ చూడండి. ఒక దిశలో బాగా అంది ఇంకో దిశలో ఇరవై మీటర్లకే పోతే, ఎక్కడో కిందపడి లోపలి యాంటెన్నా దెబ్బతిన్నదని అనుమానించాలి. అద్దె సామానులో ఈ తప్పు ఎక్కువ. పైకి గీత కూడా కనిపించదు. తర్వాత మోడ్‌లు అటూఇటూ మార్చి రెండోది పంపుతుందో లేదో చూడాలి. పంపడం, అందుకోవడం రెండూ పనిచేస్తేనే బీకన్.

బ్యాటరీల విషయంలో దుకాణం పద్ధతి చాలా బాగుంది. సెట్టుతోపాటు సీలు విప్పని ఆల్కలైన్ బ్యాటరీలు ఇస్తారు, పాతవి పరికరంలో ఉంచరు. తిరుపతి ఎండలకు ఇది మరీ అవసరం. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన గదిలో బ్యాటరీలు లోపలే ఉంటే కారిపోయి, కాంటాక్టుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. మరుసటి చలికాలం ఆ పరికరం వెలిగినట్టే వెలిగి చలిలో ఆగిపోతుంది. మూత తీసి స్ప్రింగులు మెరుస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. రీచార్జబుల్ సెల్స్ వేయొద్దు. వాటి వోల్టేజి తీరు వేరు కాబట్టి తెర మీద కనిపించే శాతం నిజం కాదు, చివర్లో ఉన్నట్టుండి పడిపోతాయి. లిథియం సెల్స్ తయారీదారు అనుమతించిన మోడల్‌లో మాత్రమే వేయాలి. ఏ రోజైనా ఉదయం బ్యాటరీ అరవై శాతం కంటే తక్కువ చూపిస్తే ఆ రోజు నడకకు ముందే మార్చేయాలి. వెతికే మోడ్ బ్యాటరీని పంపే మోడ్ కంటే చాలా వేగంగా తాగేస్తుంది.

పట్టీలు ఉతికి, ఎలాస్టిక్ సాగినవి మార్చి ఇచ్చారు. బీకన్‌ను ఎప్పుడూ పై జాకెట్ లోపల, ఒంటికి దగ్గరగా కట్టుకోవాలి, తెర ఒంటివైపు ఉండాలి. బ్యాగులో పెట్టుకుంటే బ్యాగు మంచులో ఊడిపోయిన చోట దొరుకుతుంది, మనిషి దొరకడు. సెల్‌ఫోన్, స్మార్ట్ వాచీ, హెడ్‌లైట్, వేడి పుట్టించే గ్లౌజులు, అయస్కాంతపు బటన్లున్న జాకెట్లు బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్లు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బీకన్‌కు ఎదురు వైపు జేబులో వేసుకోవడం మేలు. చొక్కా జేబులో ఫోను, దానికి ఆనుకుని బీకన్ పెట్టుకునే అలవాటు మనవాళ్లలో చాలా ఎక్కువ. దుకాణం వాళ్లు ఇచ్చే ఇంగ్లిష్ కాగితంలో ఈ మాట నాలుగో పేజీలో ఉంది. దాన్ని తెలుగులో, మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో వేయాలి.

ప్రోబ్ గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. 240 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు ఇస్తున్నారు, అది కనీసపు పొడవు. లోపలి తీగను లాగితే ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి కూర్చుని పైన తాళం పడాలి. తాళం పడ్డాక రెండు చేతులతో వంచి చూడండి. కీళ్ల దగ్గర ఖాళీ కనిపిస్తే తీగ సాగినట్టు లెక్క, వేరేది అడగండి. మందపాటి గ్లౌజులతో సంచిలోంచి తీసి, విసిరి, లాగి, తాళం వేయడం పదిహేను సెకన్లలో అయ్యేదాకా ఇంట్లోనే సాధన చేయొచ్చు. ట్రెక్కింగ్ కర్రను ప్రోబ్‌గా వాడొచ్చని కొందరు అంటారు. పొడవు చాలదు, చివరి చక్రం అడ్డం పడుతుంది, కాబట్టి ఆ మాట నమ్మొద్దు.

పారలు ఈ దుకాణంలో అన్నిటికంటే మంచి సామాను. అల్యూమినియం పలక, పొడవు పెంచుకునే కోలగుండ్రటి పిడి, గ్లౌజుతో పట్టుకోవడానికి వీలైన డి ఆకారపు పట్టు. ప్లాస్టిక్ పలక పారలు అసలు పెట్టుకోలేదు. ప్లాస్టిక్ బరువు తక్కువ గానీ బిగుసుకున్న మంచుమీద వంగి తిరిగొస్తుంది, చలికి పగులుతుంది. అవలాంచ్ పారల బలానికి అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వారి 156వ నంబరు ప్రమాణం ఉంది. పలక మీద ఆ గుర్తుంటే మంచిదే. పిడిలో స్ప్రింగు బటన్ చూడండి: ఇసుక, దుమ్ము పట్టి లోపలికి పోయి బయటికి రాకపోతే తవ్వుతుండగా పలక ఊడిపోతుంది.

పారకు ఇంత విలువ ఎందుకంటే, వెతకడం కంటే తవ్వడానికే ఎక్కువ సమయం పడుతుంది. మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు అటూఇటూ మంచు జరపాలి. ప్రోబ్ తగిలిన చోటే నిలువునా గొయ్యి తవ్వడం అందరూ చేసే తప్పు. గొయ్యి లోతయ్యేకొద్దీ మంచు ఎత్తి పారేయడం కష్టమవుతుంది, పైగా కింద ఉన్న మనిషి ముఖం ముందున్న కాస్త గాలి ఖాళీని మీ బరువే నొక్కేస్తుంది. ప్రోబ్‌ను తగిలిన చోటే వదిలేయాలి, బయటికి లాగకూడదు. దానిమీది గుర్తు లోతెంతో చెబుతుంది. ఆ లోతుకు ఒకటిన్నర రెట్లు దూరం వాలుకు దిగువకు జరిగి, అక్కణ్నుంచి పక్కగా లోపలికి తవ్వుకుంటూ వెళ్లాలి. ముందున్నవాడు పలకతో గడ్డలు కోసి వెనక్కి నెడతాడు, ఎత్తడు. వెనకవాళ్లు వి ఆకారంలో నిలబడి పడవ తెడ్డు వేసినట్టు ఆ మంచును కిందికి తోస్తారు. నిమిషం రెండు నిమిషాలకొకసారి ముందువాడు మారాలి, అలసట వచ్చాక కాదు, రాకముందే. తల దొరకగానే నోరు, ముక్కులో మంచు తీసి, ఛాతీ మీది బరువు తొలగించాలి. కాళ్ల సంగతి తర్వాత. ఊపిరి లేకపోతే ముందు ఐదుసార్లు నోటిద్వారా గాలి ఊది, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇవేవీ దుకాణంలో నేర్పరు. ఇది రెండో లోపం. సామాను ఇచ్చి, ఆన్ చేయడం చూపించి, సంతకం పెట్టించుకుంటారు. అద్దెతోపాటు ఒక పూట సాధన తప్పనిసరి చేస్తే ఈ సేవ విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాళ్లు చేసేదాకా మీరే చేసుకోవచ్చు, తిరుపతి చుట్టుపక్కల చోటుకు కొదవ లేదు. చంద్రగిరి వైపు స్వర్ణముఖి నది ఎండి ఇసుక తేలిన చోటు బీకన్ సాధనకు బాగా సరిపోతుంది. పంపే మోడ్‌లో ఉన్న బీకన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇసుకలో మోకాలి లోతున పెట్టండి. స్టీలు క్యారియర్‌లో పెడితే లోహం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. అంతకంటే లోతు తవ్వొద్దు, ఇసుక గోడలు కూలతాయి. ఎక్కడ పెట్టారో ఒక్కరికే తెలియాలి.

వెతికేవాళ్లు ముందు అందరూ తమ బీకన్లను వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు మర్చిపోయినా మీ బాణం ఆయనవైపే తిరుగుతుంది. సిగ్నల్ అందేదాకా నలభై మీటర్లకొక వరుసగా, పరుగులాంటి నడకతో పోవాలి. అంచు నుంచి మొదటి వరుస ఇరవై మీటర్లలో ఉండాలి. సిగ్నల్ అందాక బాణం చూపినట్టు వెళ్లండి, దారి వంపు తిరుగుతుంది. బీకన్ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రపు గీతలు వంపుగా ఉంటాయి కాబట్టి అది తప్పు కాదు. తెర మీది అంకె పెరుగుతుంటే మీరు ఎదురు దిక్కుకు పోతున్నట్టు, వెంటనే వెనక్కి తిరగాలి. పది మీటర్ల లోపు వేగం తగ్గించి, మూడు మీటర్ల దగ్గర బీకన్‌ను నేలకు ఆనించండి. ఇక్కడినుంచి చేతిని తిప్పకూడదు. నేరుగా ముందుకు జరిపి, అంకె తగ్గి మళ్లీ పెరిగిన చోటు దాటాక వెనక్కి వచ్చి, అతి తక్కువ అంకె ఉన్న చోట అడ్డంగా అలాగే చేయాలి. చాలామంది ఇక్కడ తొందరపడి బీకన్ పైకెత్తి ఊపుతారు, అంకె గంతులేస్తుంది, రెండు నిమిషాలు వృథా అవుతాయి. తగ్గిన చోట గుర్తు పెట్టి, అక్కణ్నుంచి పాతిక సెంటీమీటర్లకొకసారి చుట్లు చుట్టుకుంటూ ప్రోబ్ గుచ్చాలి. గుచ్చేది వాలు ఉపరితలానికి లంబంగా, నేరుగా కిందికి కాదు.

ఇసుకలో మాత్రం ప్రోబ్ గుచ్చొద్దు, వంగిపోతుంది. పల్లెల్లో ఎవరి వరిగడ్డి వామి అయినా దొరికితే దాని కింద బట్టలు కుక్కిన గోనెసంచి పెట్టి గుచ్చి చూడండి. మెత్తగా తగిలి తిరిగి నెట్టే స్పర్శ, నేల తగిలే గట్టి స్పర్శ వేరువేరుగా చేతికి తెలియాలి. యాభై మీటర్ల చదరంలో ఒక బీకన్‌ను ఐదు నిమిషాల లోపు పట్టుకోగలిగేదాకా ఈ సాధన మానకండి.

ఇంత చెప్పినా, ఈ మూడు వస్తువులు పనికొచ్చేది ప్రమాదం జరిగిపోయాకే. జారే మంచులో పడి బండలకు, చెట్లకు కొట్టుకుంటే బీకన్ ఏమీ చేయలేదు. శేషాచలం అడవుల్లో, తలకోనలో, తుంబురు తీర్థం దారిలో నడిచినవాళ్లకు కాళ్ల బలం ఉంటుంది గానీ మంచు వాలు చదవడం అక్కడ రాదు. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లింది వానలకు తడిసి. పలకలా జారే మంచు చరియ అలా కాదు. ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో ఎక్కువ శాతం ఆ వాలుమీద నడిచిన మనిషి బరువుకో, వాళ్ల బృందంలోని మరొకరి బరువుకో తెగినవే.

తెగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. దాన్ని కొలవడానికి పరికరం లేకపోయినా రెండు ట్రెక్కింగ్ కర్రలు చాలు. 120 సెంటీమీటర్ల కర్ర మీద ఒక కొస నుంచి 69 సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టండి. అంతే పొడవున్న రెండో కర్ర కొసను వాలుమీద ఆనించి, రెండో కొస గాల్లో ఉండేలా లోయవైపు అడ్డంగా, సమతలంగా పట్టుకోండి. గాల్లో ఉన్న కొస నుంచి మంచు దాకా నిలువుగా టేపున్న కర్రతో కొలవండి. టేపు దాకా వస్తే వాలు 30 డిగ్రీలు, కర్ర మొత్తం పడితే 45. కొలవడానికి ఆ వాలు మధ్యకు వెళ్లొద్దు, పక్కనే అదే తీరున్న చిన్న గట్టు మీద చూడండి. మీరు నడిచే దారి చదునుగా ఉన్నా తలపైన అలాంటి వాలుంటే మంచు అక్కడికీ వస్తుంది.

కొత్త మంచు పడిన తొలి ఒకటి రెండు రోజులు, గాలి ఒకవైపు మంచు తెచ్చి పోగేసిన వాలు, ఒక్కసారిగా పెరిగిన వేడి, అడుగు వేస్తే కింద 'వుంఫ్' మని కుంగిన శబ్దం, పాదం నుంచి పాకే పగుళ్లు కనిపిస్తే వెనక్కి తిరగాలి. హిమాలయాల్లో నవంబరు, డిసెంబరుల్లో పడిన పలచటి మంచు, ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రుల్లో అతుక్కోని గింజలుగా మారుతుంది. షుగర్ స్నో అనేది దీన్నే. దానిమీద జనవరి మంచు బరువు పడితే ఆ కింది పొర వారాల తరబడి ప్రమాదంగానే ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. దాటక తప్పని వాలైతే ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావాళ్లు పక్కన క్షేమమైన చోట నిలబడి దాటేవాళ్ల మీదనుంచి చూపు తిప్పకూడదు.

చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ జిల్లాలవారీగా అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. దుకాణం గోడమీద ట్రెక్కుల పోస్టర్ల పక్కన ఆ హెచ్చరిక కాగితం ఒకటి అతికిస్తే బాగుంటుంది. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు పనివాళ్ల శిబిరం మీద మంచు విరుచుకుపడింది. 54 మంది చిక్కుకుంటే ఎనిమిది మంది చనిపోయారు. ఆ జిల్లాకు ముందు సాయంత్రమే హెచ్చరిక ఉంది. చలికాలంలోనే జరుగుతుందనీ అనుకోవద్దు. 2022లో ఉత్తరకాశీ జిల్లా ద్రౌపదీ కా డాండా మీద శిక్షణ బృందంలో రెండు డజన్ల మందికి పైగా పోయింది అక్టోబరు 4న.

ఎవరు తీసుకోవాలి? ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ నుంచి జనం నడిచే దారిలో, మంచి వాతావరణంలో గైడుతో కేదార్‌కంఠ శిఖరం ఎక్కేవాళ్లు ఈ అద్దె డబ్బును మంచి బూట్లకు పెట్టుకోవచ్చు. గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) దిగి, పహరా సిబ్బంది చూసుకునే హద్దు దాటి స్కీయింగ్ చేసేవాళ్లు, మనాలీ పైలోయల్లో దారి లేని మంచులో తిరిగేవాళ్లు, శిఖరాలకు వెళ్లే బృందాలు మాత్రం అందరికీ సెట్లు లేకుండా కదలొద్దు. స్థానిక గైడుకు బీకన్ ఉందో లేదో ముందే ఫోనులో అడగండి. లేకపోతే ఆయనకూ ఇక్కడినుంచే ఒకటి తీసుకెళ్లండి.

అద్దె సెట్టుకు రోజుకు 450 రూపాయలు, అడ్వాన్సు 15,000. కొత్త బీకన్ ఒక్కటే పాతిక వేలు దాటే ధరలో ఇది న్యాయమే. కానీ రైల్లో పోయే, వచ్చే రోజులకూ పూర్తి అద్దె వేస్తున్నారు. సాధన రోజులకైనా సగం తగ్గించమని అడగండి, బృందంగా వెళ్తే ఒప్పుకుంటున్నారు. రేణిగుంట నుంచి విమానంలో వెళ్తే పార, ప్రోబ్ చెక్-ఇన్ బ్యాగులో వేయండి, బీకన్ చేతిసంచిలో ఉంచుకోండి. తిరిగిచ్చేముందు ప్రోబ్‌ను విప్పి ఆరబెట్టండి, తడిగా మడిస్తే లోపలి తీగ పాడై అడ్వాన్సులో కోత పడుతుంది. బీకన్ ఎక్కడైనా గట్టిగా కిందపడి ఉంటే ఆ మాట దాచకుండా కౌంటర్‌లో చెప్పండి. దాన్ని పరీక్షించకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు.